దీవిని చదువ వచ్చినవారి గ్రంథాలలో మన చోటు

ప్రతి ఏటా జూన్, జూలై మాసాలలో, చెఱకు కోత మొదలయ్యే చలిరోజులలో, మన మారిషస్ దీవికి విదేశ విశ్వవిద్యాలయాల నుండి విద్యార్థి బృందాలు వస్తుంటాయి. వీరు సముద్రస్నానాలకు వచ్చే యాత్రికులు కారు. దీవులలో పుట్టి పెరిగే జీవరాశులను, చెట్టుచేమలను గూర్చి నేర్చుకొనడానికి వస్తారు. మూడు నాలుగు వారాలుంటారు. మహెబూర్ తీరానికి ఎదురుగా ఉన్న ఇల్ ఓ ఎగ్రెత్ చిన్నదీవిలో పెద్ద తాబేళ్లను చూస్తారు. బ్లాక్ రివర్ లోయలలో గులాబీ పావురం కోసం తెల్లవారకముందే కాచుకొని కూర్చుంటారు. నోటు పుస్తకాలు నింపుకొని వెళ్లిపోతారు. వారు నడిచే దారికి రెండు ప్రక్కలా ఉన్న చెఱకుతోటలలో మన తాతముత్తాతల ఎముకలున్నాయని వారికి చెప్పేవారు తక్కువ.

ఆ మధ్య అటువంటి బృందమొకటి మా ఊరి రామమందిరం వద్ద ఆగింది. వర్షం కారణంగా ఆగారు. టీ ఇచ్చాము. వారిలో ఒక అమ్మాయి, డెబ్బయి ఏళ్లు దాటిన మా ఊరి మామ్మగారి ప్రక్కన కూర్చొని, తాను ఈ దీవిని గూర్చి చదివి వచ్చిన పుస్తకాల సంగతి చెప్పింది. మామ్మగారు చిన్ననాట చెఱకుతోటలో కలుపు తీసిన మనిషి. అంతా విని, “ఆ పుస్తకాలలో మేమున్నామా అమ్మా?” అని అడిగారు. మేము ఆ మాటను ఆ పిల్లకు తర్జుమా చేసి చెప్పాము. ఆ పిల్ల వెంటనే జవాబివ్వలేదు. వెళ్లేముందు మాత్రం పుస్తకాల పేర్లు ఒక కాగితం మీద వ్రాసి ఇచ్చి, “మీరే చదివి చెప్పండి” అన్నది.

ఆ కాగితం మీద మూడు పేర్లున్నాయి. డార్విన్ బీగిల్ నౌకాయాత్ర గ్రంథం, జెరాల్డ్ డరెల్ 1977లో ప్రచురించిన ‘గోల్డెన్ బ్యాట్స్ అండ్ పింక్ పిజియన్స్’, డేవిడ్ క్వామెన్ 1996లో ప్రచురించిన ‘ది సాంగ్ ఆఫ్ ది డోడో’. మూడింటినీ చదివాము. మామ్మగారి ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత మా మీద ఉన్నది గనుక ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ముందు డార్విన్ సంగతి. బీగిల్ ఓడ 1836 ఏప్రిల్ 29న పోర్ట్ లూయిస్ చేరి, మే 9న వెళ్లిపోయింది. అప్పటికి డార్విన్ వయస్సు ఇరవై యేడు. నాలుగేళ్లకు పైగా సముద్రం మీద తిరిగి ఇంటి మీద బెంగ పెట్టుకొన్న మనిషి. ఉన్న పది రోజులలో లె పూస్ కొండ ఎక్కాడు, పగడపు దిబ్బలను పరిశీలించాడు, రాళ్లను చూచి ఈ దీవి పుట్టుకను ఊహించాడు. రోడ్లు బాగున్నాయని మెచ్చుకొన్నాడు. ఆ రోడ్లు వేస్తున్న భారతీయ ఖైదీలను కూడా చూచాడు. యావజ్జీవ శిక్షపడి ఇక్కడికి పంపబడినవారు సుమారు ఎనిమిది వందలమంది ఉన్నారని వ్రాశాడు. భారతీయులు ఇంతటి గంభీరమైన రూపంగలవారని తాను అనుకోలేదన్నాడు. వారి శుభ్రతను, ఆచారనిష్ఠను మెచ్చుకొన్నాడు. కాని ఆ ఆచారాలను వింతవన్నాడు. అంతటితో వదిలిపెట్టి కొండల వర్ణనకు పోయాడు.

ఆ ఖైదీలు మన కోరంగివారని మేము అనడంలేదు. కాని డార్విన్ రావడానికి ఏడాదిన్నర ముందే, 1834 నవంబర్ 2న, అట్లాస్ అనే ఓడలో ముప్పయి ఆరుగురు ఒప్పందపు కూలీలు పోర్ట్ లూయిస్ రేవులో దిగారు. 1835 ఫిబ్రవరి 1న ఇక్కడ బానిసత్వం రద్దయింది. అంటే ఒక దీవిలో మనుష్యజాతి మొత్తం తారుమారవుతున్న రోజులలో, ప్రపంచంలోకెల్లా సూక్ష్మదృష్టిగల ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఆ రేవులో దిగాడు. రాతిని చూచి దాని వయస్సు అడిగాడు. ఆ రాతిని కొడుతున్న మనిషిని చూచి ముఖం బాగున్నదన్నాడు, పేరు అడగలేదు. పది రోజుల బాటసారిని ఇంతకంటె నిలదీయడం న్యాయం కాదు. కాని ఆ పుటలను ఈనాటికీ పాఠంగా చెప్పే ఆచార్యులకు ఈ లోటు కనబడాలి.

ఇటువంటి చూపు ఆ కాలంలో సాధ్యం కాదని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము. డార్విన్‌కు అరవై ఏళ్లకు పైగా ముందే, 1768 నుండి 1770 వరకు, బెర్నార్దిన్ ద సేన్ పియేర్ ఇక్కడ ఇంజనీరుగా ఉన్నాడు. ‘పోల్ ఎ విర్జినీ’ కథ వ్రాసినవాడిగా మన పిల్లలు అతనిని ఎరుగుదురు. అంతకుముందు 1773లో అతను ప్రచురించిన యాత్రాగ్రంథంలో మట్టి, గాలి, మొక్కలు, చేపలు అన్నీ ఉన్నాయి. అదే పుస్తకంలో బానిసల దెబ్బలూ ఉన్నాయి. కాఫీ, పంచదార అనే రెండు పంటల కోసం రెండు ఖండాలు దుఃఖం పాలయ్యాయని అతను నిర్మొహమాటంగా అన్నాడు. మొక్కను గూర్చి వ్రాసేటప్పుడు దానిని నాటిన చేతిని కూడా చూడవచ్చునని ఆ పుస్తకం నిరూపిస్తున్నది. మేము మిగిలిన పుస్తకాలకు పట్టే కొలబద్ద ఇదే.

డరెల్ పుస్తకం చదువుతుంటే నవ్వు ఆగదు. జంతువుల మీద ప్రేమ ఉన్న మనిషి, తనను తాను ఎగతాళి చేసుకొనే మనిషి. గులాబీ పావురాలను పట్టడానికి రాత్రిపూట చెట్లెక్కిన కథ, రౌండ్ ఐలాండ్ బల్లుల కథ ఎంతో ఇంపుగా ఉంటాయి. రొడ్రిగ్ దీవిలోని బంగారు గబ్బిలాలను ఆకర్షించడానికి ఇక్కడినుండి పనసపండు తీసుకువెళ్లిన ఘట్టం ఆ పుస్తకంలో పెద్ద హాస్యం. దాని వాసనను భరించలేక వారు పడిన అవస్థను రచయిత పుటలకొద్దీ సాగదీశాడు.

మేమూ నవ్వాము. నవ్విన తరువాత ఒక సంగతి తోచింది. ఆ వాసన మా ఇంట్లో పండుగ వాసన. పనసకాయ కూర లేని శుభకార్యం మనకు ఉన్నదా? ఒక రచయితకు దుర్వాసన అనిపించినది మనకు అమ్మమ్మ వంటింటి జ్ఞాపకం. ఇందులో అతని తప్పు లేదు, ముక్కు ఎవరిది వారిదే. కాని ఆ పుస్తకం ఒక్కటే చదివి వచ్చే విద్యార్థికి పనసచెట్టు హాస్యవస్తువుగానే తెలుస్తుంది. ఆ చెట్టు భారతదేశపు చెట్టనీ, మన పెరళ్లలో అది ఎందుకు నిలిచిందో అనీ తెలియదు. ప్రకృతి చరిత్రలో ఇది కూడా ఒక అధ్యాయమే కదా!

క్వామెన్ గ్రంథం ఈ మూడింటిలో అన్నిటికంటె లోతైనది. దీవి ఎంత చిన్నదైతే అందులో నిలువగల జాతుల సంఖ్య అంత తక్కువ, అడవిని ముక్కలు చేస్తే ప్రతి ముక్కా ఒక దీవి అవుతుంది అనే సిద్ధాంతాన్ని, మెకార్థర్, విల్సన్‌లు 1967లో గ్రంథరూపంలో ప్రతిపాదించిన దానిని, సామాన్యునికి అర్థమయ్యేటట్లు చెప్పాడు. 1598లో డచ్చివారు వచ్చిన తరువాత వంద సంవత్సరాలలోపుననే డోడో అంతరించిన తీరును, చివరి డోడో వర్షంలో ఒంటరిగా తలదాచుకొన్న రాత్రిని ఊహించి వ్రాసిన పుట చదివి మేము చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాము. ఒక పక్షి కోసం అంతగా దుఃఖించగలిగిన కలాన్ని గౌరవించక తప్పదు.

ఐతే ఒక చిక్కున్నది. మన కెస్ట్రెల్ డేగ కథ తీసుకోండి. 1974లో అడవిలో ఎరిగినంతవరకు నాలుగే పక్షులు మిగిలాయి. 1979లో వేల్స్ నుండి వచ్చిన కార్ల్ జోన్స్, అతనితో పనిచేసిన మనవారు గుడ్లను పొదిగించి, పిల్లలను పెంచి, అడవిలో వదిలి ఆ జాతిని నిలబెట్టారు. నేడు అవి వందలలో ఉన్నాయి. ఇది గర్వించదగిన సంగతి. ఆ పక్షి నాశనానికి కారణాలు చెప్పేటప్పుడు అడవుల నరికివేతతోబాటు డి.డి.టి. మందు పేరు వస్తుంది. ఆ మాట నిజం. కాని ఆ మందు ఎందుకు చల్లారో ఎక్కువచోట్ల ఒక్క ముక్కలో తేల్చివేస్తారు.

మన ఇళ్లలో ఆ కథ వేరు. 1867లో మలేరియా ఈ దీవిని ఊడ్చివేసినప్పుడు చచ్చినవారు వేలకు వేలు. వారిలో చెఱకుతోటల కూలీలెందరో. ఆ తరువాత ఎనభై ఏళ్లపాటు చలిజ్వరం మన కాంపులలో ఇంటి మనిషివలె ఉన్నది. 1948 తరువాత డి.డి.టి. చల్లి దానిని అణచారు. 1973లో దీవికి మలేరియా లేదని ప్రకటించారు. మామ్మగారి తోబుట్టువులు ఇద్దరు అంతకుముందే ఆ జ్వరంతో పోయారు. ఆమె మాత్రం బ్రతికింది. డి.డి.టి. డేగ గుడ్డును పలుచన చేసిందనేది నిజమే, మన పిల్లలను బ్రతికించిందనేదీ నిజమే. ఒక నిజాన్ని మాత్రమే నేర్చుకొన్న విద్యార్థి సగం నేర్చుకొని వెళుతున్నాడు. మన పిల్లలు రెండవ నిజాన్ని మాత్రమే ఎరిగి ఉంటే వారిదీ సగం చదువే.

ఇక్కడే తంబలకోక్ చెట్టు సంగతి చెప్పాలి. ఈ చెట్టు గింజ డోడో కడుపులో అరిగితే తప్ప మొలవదనీ, డోడో పోవడంతో ఆ చెట్టు మూడువందల ఏళ్లుగా పుట్టడం మానివేసిందనీ స్టాన్లీ టెంపుల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1977లో ‘సైన్స్’ పత్రికలో వ్రాశారు. చక్కని కథ. ప్రపంచమంతా పాకిపోయింది. 1979లో మన అటవీశాఖకు చెందిన ఓవదల్లీగారు అదే పత్రికలో జవాబిచ్చారు. గింజలు అరగదీయకుండానే మొలుస్తున్నాయనీ, మూడువందల ఏళ్లకంటె చిన్నవయస్సు చెట్లు అడవిలో ఉన్నాయనీ చూపించారు. తరువాతి పరిశోధకులు కూడా ఆ కథ నిలవదన్నారు. ఐనా నేటికీ ఎందరో విద్యార్థులు టెంపుల్ కథ మోసుకొని వస్తారు, ఓవదల్లీ పేరు ఎరుగరు. అందమైన కథకు రెక్కలుంటాయి, దానిని సరిదిద్దేది కాలినడకన వస్తుంది. దీవిలో పుట్టి ఆ చెట్ల మధ్య ఉద్యోగం చేసినవారి మాటకు పాఠ్యక్రమంలో చోటివ్వవలసిందని మా మొదటి విన్నపం.

అడవిని ఎవరు కొట్టారనే ప్రశ్న ఈ పుస్తకాలన్నింటి వెనుకా ఉన్నది. మంచి స్థితిలో ఉన్న సహజమైన అడవి నేడు దీవి విస్తీర్ణంలో నూటికి రెండు పాళ్లు కూడా లేదు. డచ్చివారు నల్లచేవ మాను కోసం నరికారు. ఫ్రెంచివారు ఓడల కోసం, పొలాల కోసం నరికారు. 1769లోనే భూమిలో నాలుగోవంతు అడవిగా ఉంచాలని కట్టడి పెట్టారు గాని అది నిలువలేదు. 1825లో బ్రిటిష్ ప్రభుత్వం మన పంచదార మీద సుంకాన్ని వెస్టిండీస్ పంచదారతో సమానం చేయగానే చెఱకు దీవి నలుమూలలకూ ప్రాకింది. ఆ చెఱకుకు చేతులు కావలసి వచ్చి మనవారిని తెచ్చారు. మొత్తం మీద నాలుగున్నర లక్షలమంది వచ్చారు. గొడ్డలి పట్టినవారిలో మన తాతలున్నారు. తోటలలో నేటికీ నిలిచి ఉన్న ఆ నల్లరాళ్ల గుట్టలను పేర్చిన చేతులలో వారి చేతులున్నాయి. ఇది దాచవలసిన పనిలేదు. కాని ‘మనిషి అడవిని నాశనం చేశాడు’ అని ఏకవచనంలో వ్రాసే వాక్యం మాకు నచ్చదు. కొట్టించినవాడు, కొట్టినవాడు ఒకే మనిషి కారు.

మరొక మాట. ఈ శాస్త్రంలో ‘ఆగంతుక జాతి’ అనే పదం తరచు వస్తుంది. దీవికి బయటినుండి తేబడి, ఇక్కడి ప్రాణులకు చోటు లేకుండా చేసేవి ఈ పేరుతో పిలువబడతాయి. గోరువంకను పద్దెనిమిదవ శతాబ్దంలో మిడుతలను తినడానికి భారతదేశం నుండి తెచ్చారు. ముంగిసను 1900లో ఎలుకలను చంపడానికి భారతదేశం నుండి తెచ్చారు. మనలను చెఱకు నరకడానికి అక్కడినుండే తెచ్చారు. రామమందిరం అరుగు మీద ఆ అమ్మాయి గోరువంకను చూపి, “ఇది ఇక్కడిది కాదు” అన్నప్పుడు, ప్రక్కనున్న కుర్రవాడొకడు “మనమూ అంతేనా?” అని మమ్మల్ని తెలుగులో అడిగాడు. నవ్వుతూనే అడిగాడు గాని ఆ ప్రశ్న చిన్నది కాదు. మా జవాబు ఇది. ముంగిసకు తాను తిన్న గుడ్డు ఎవరిదో తెలియదు. మనకు తెలుస్తుంది. తెలిసినవాడికి బాధ్యత ఉంటుంది. ఆ బాధ్యత తీసుకొన్ననాడే ఈ దీవి మనది అని చెప్పుకొనే హక్కు నిలుస్తుంది.

ఆ బాధ్యతను మనం ఎంతవరకు తీసుకొన్నాము? ఇతరుల పుస్తకాలను విమర్శించినవారం మన పత్రికలను కూడా చూడాలి. ఉగాది మీద, సింహాద్రి అప్పన్న మీద, రామభజన మీద, అమ్మోరు పండుగ మీద మనం ఎన్నో వ్యాసాలు వ్రాసుకొన్నాము. డేగను గూర్చి, తంబలకోక్‌ను గూర్చి తెలుగులో ఎన్ని వ్రాశాము? చలికాలంలో కుటుంబమంతా కొండలకు వెళ్లి ఎర్రని గోయావ్ ద షిన్ పండ్లు కోసుకొని తింటాము. మన పిల్లలకు అది మధురమైన జ్ఞాపకం. ఆ జామ పొదే సహజమైన అడవి మొలకలను ఊపిరాడకుండా చేస్తున్నదని వారికి చెప్పామా?

గబ్బిలం సంగతీ అంతే. 2015లో, మళ్లీ 2016లో, 2018లో లీచీ, మామిడి పంటలు కాపాడడానికి ప్రభుత్వం వేలకొలది పండ్ల గబ్బిలాలను చంపించింది. 2018లో ప్రకృతి సంరక్షణ అంతర్జాతీయ సంఘం ఆ జాతిని అపాయంలో ఉన్నదానిగా ప్రకటించింది. విద్యార్థులు గబ్బిలం పక్షం, మన పెరటి లీచీ చెట్టు యజమానులు లీచీ పక్షం. రాత్రి చెట్టు మీద వాలిన గబ్బిలాన్ని మేమూ తిట్టుకొన్నవారమే. కాని అది మనకంటె ముందు ఇక్కడ ఉన్నది. అడవి చెట్ల గింజలను చల్లేది అదే. లీచీ మాత్రం చీనా నుండి వచ్చిన చెట్టు. చెట్టుకు వల కప్పితే పండూ దక్కుతుంది, గబ్బిలమూ బ్రతుకుతుంది. ఈ మాట తెలుగులో, మన మందిరాలలో చెప్పవలసినవారం మనమే.

చెప్పడానికి మన భాషలో మాటలు లేవని కొందరంటారు. ఉన్నాయి. డచ్చివారు ఓడలకెత్తుకొని పోయిన ఈ దీవి నల్లచేవ మాను, మన తాతలు ఆంధ్రదేశపు అడవులలో ఎరిగిన తునికి చెట్టు, ఒకే ప్రజాతికి చెందిన దాయాదులు. తునికాకు, తునికిపండు ఎరిగిన మనిషికి ఈ దీవి చెట్టు పరాయిది కాదు. మహాత్మాగాంధీ సంస్థలో తెలుగు చదివే పిల్లలకు ఇల్ ఓ ఎగ్రెత్‌లో ఆ చెట్టు క్రింద నిలబెట్టి ఈ ఒక్క సంగతి చెప్పితే అది భాషాపాఠమూ అవుతుంది, ప్రకృతి పాఠమూ అవుతుంది.

యాత్ర ఒకవైపే సాగనక్కరలేదు కూడా. 1977లో యూసుఫ్ ముంగ్రూ అనే మన దేశపు యువకుడు డరెల్ స్థాపించిన జెర్సీ సంస్థకు మొదటి శిక్షణార్థిగా వెళ్లి, తిరిగివచ్చి, 1994లో ఏర్పడిన బ్లాక్ రివర్ జాతీయవనానికి సంచాలకుడైనాడు. చదువుకొన వెళ్లినవాడు తిరిగివచ్చి ఆ చదువును ఇక్కడ నాటాడు. మన పిల్లలు తిరుపతికి, అన్నవరానికి వెళ్లినప్పుడు కాకినాడ వద్ద కోరంగికి కూడా ఎందుకు వెళ్లకూడదు? మనకు కోరంగివారనే పేరు తెచ్చిన ఆ రేవు 1839 తుఫానులో దెబ్బతిని చితికిపోయింది. నేడు అక్కడ గోదావరి ముఖద్వారాన 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, మడ అడవులు ఉన్నాయి. తాతలు ఓడ ఎక్కిన నీటిలో ఏ చెట్లు వేళ్లు దిగి నిలిచాయో చూచి వచ్చిన పిల్లవాడు, మన తీరంలోని మడచెట్లను వేరే కళ్లతో చూస్తాడు.

మామ్మగారి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పాలి. ఆ పుస్తకాలలో మనం లేకపోలేదు. రోడ్డు ప్రక్కన, తోట అంచున, పేరు లేకుండా ఉన్నాము. ఆ పేర్లు వ్రాయవలసిన పని ఇతరులది మాత్రమే కాదు. 2020 జూలై 25న వకాషియో ఓడ పగడపు దిబ్బకెక్కి, ఆగస్టు 6 నుండి సుమారు వెయ్యి టన్నుల చమురు మన ఆగ్నేయ సముద్రంలో కలిసినప్పుడు, అన్ని కులాల, అన్ని మతాల ప్రజలు తోటలనుండి ఎండు చెఱకాకు తెచ్చి, గుడ్డలలో కూరి కుట్టి, మైళ్ల పొడవున తెట్టెలు కట్టి నీటిలో పరిచారు. ఇల్ ఓ ఎగ్రెత్ ఎదుటనే ఆ పని జరిగింది. అడవిని మింగిన చెఱకు ఆకునే ఆ దీవికి అడ్డుపెట్టారు. ఆ ఆకును ఎలా కట్టకట్టాలో ఏ విశ్వవిద్యాలయమూ నేర్పలేదు. తోటలలో పనిచేసిన కుటుంబాలకు ఆ సంగతి ముందే తెలుసు. వచ్చే ఏడు చదువుకొన వచ్చే విద్యార్థులకు ఈ అధ్యాయం మనం వ్రాసి ఇవ్వాలి.

అందుచేత పాఠక మహాశయులకు మా మనవి. మీ ఇంటి పెద్దలు ఈ దీవి చెట్లను, పక్షులను, చేపలను ఏ తెలుగు పేర్లతో పిలిచేవారో, ఏ మొక్కను ఏ రోగానికి వాడేవారో, ఏ కొండ మీద అడవి ఎప్పటివరకు ఉన్నదని చెప్పేవారో వ్రాసి మాకు పంపండి. తెలుగులో వ్రాయలేనివారు క్రియోల్‌లో చెప్పినా మేము వ్రాసుకొంటాము. మామ్మగారు ఇప్పటికే పదకొండు పేర్లు చెప్పారు.